జానకొక చుక్క, మూరకొక చుక్క

మా తోడల్లుడు పోయాడు. మా ఆవిడ చెల్లెలి భర్త. పొద్దున పెరట్లో డ్రిప్పు వాల్వు తిప్పడానికి వంగి, అక్కడే కూలబడ్డాడని కబురొచ్చింది. నాకంటే ఆరేళ్ళు చిన్న. పోవడంలో కూడా నాకంటే ముందే. ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది.

ఉన్నమాట రాస్తాను. అతనంటే నాకు ఓర్వలేనితనం. మా అత్త నాకు రెండు గారెలు వేస్తే అతనికి మూడు వేసేది. అది నేనింకా మరిచిపోలేదు.

విడవలూరు దగ్గర మా ఊళ్ళో సముద్రం వైపు అతని ఇల్లు, అంతా ఇసక. కాలవ వైపు మాది, నల్ల బంకమట్టి. ఇసకలో ఏం పెంచుతాడులే అనుకున్నాను. అతను డ్రిప్పు వేసి మల్లెలు పూయించాడు. మా ఆవిడ వెళ్ళి కొంగు నిండా తెచ్చుకునేది. నా ఇంట్లో అతని పూల వాసన!

నేనూ మల్లె అంట్లు నాటి, పైపులు తెచ్చాను. ఎలా వేయాలో అడగడానికి మాత్రం నోరు రాలేదు. కాఫీకని వాళ్ళింటికి వెళ్ళి, అతను లోపలికి పోగానే పైపు మీద చెయ్యి పరిచి కొలిచాను. జానకొక డ్రిప్పర్, నీళ్ళు చుక్కచుక్కగా కారే బొడిపె. నీళ్ళు రెండు పూటలా పది నిమిషాలు. మా పెరట్లో అచ్చు అలాగే పెట్టాను. నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కాయి. వేళ్ళు కుళ్ళు కంపు.

"నీకు మా చెల్లెలి మొగుడి మీద కడుపుమంట. దానికి చచ్చేది నా మల్లెచెట్లా?" అని మా ఆవిడే పోయి అతన్ని పిలుచుకొచ్చింది.

అతను చెంబెడు నీళ్ళు పోసి, కాసేపాగి, గునపంతో తవ్వి చూపించాడు.

"చూడన్నా. నా ఇసకలో నీళ్ళు మేకు మాదిరి దిగిపోతాయి. అందుకే దగ్గర దగ్గరగా, రెండు పూటలా. నీ బంకలో పళ్ళెం మాదిరి పరుచుకుంటాయి. మూరకొకటి చాలు, మూడు రోజులకోసారి. మొక్కనడగబాక, మట్టినడుగు."

"నీ దొడ్లో జానకొకటే ఉంది గదా?" నోరు జారాను.

అతను నవ్వలేదు. "నువ్వు చాటుగా కొలస్తా ఉంటే నాకే సిగ్గేసి లోపల్నే ఉండిపోయినా. అడగరాదా అన్నా?"

ఒకటి విడిచి ఒకటి డ్రిప్పర్లు పీకి, బొక్కలకు తనే బిరడాలు కొట్టాడు. చచ్చినవి పోను ఆరు మొక్కలు తిప్పుకున్నాయి. నేను కొలిచిన సంగతి అతను చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. నేనైతే ఊరంతా చెప్పి ఉండేవాణ్ణి. అతనిలో నేను అన్నిటికంటే ఓర్వలేనిది అదే.

ఇప్పుడు అతని పెరట్లో ఆ వాల్వు రెండు పూటలా నేనే పోయి తిప్పుతున్నాను. పది నిమిషాలు, ఒక్క నిమిషం తేడా రానివ్వను.

పదో రోజున పటానికి దండ కావాలని మరదలంటే, రెండు దొడ్ల మల్లెలూ కలిపి మా ఆవిడ కట్టింది.

"ఏవి ఎవరివో తెలీడం లేదు గదా?" అంది.

నాకు తెలుస్తూనే ఉంది. ఇసకలో పూసినవి కొంచెం పెద్దవి.