మూడో కెప్టెనే కెప్టెన్

జి.మాడుగుల నుంచి పాడేరుకు సర్వీసు జీపు నడిపే సువార్తరావుకు ప్రభువు మీద ఎంత నమ్మకమో, ‘చుక్కల దారి’ మూడో కెప్టెన్ మీద ఇంచుమించు అంతే నమ్మకం. ఈ మాట పాస్టరుగారి ముందు మాత్రం అనడు.

‘చుక్కల దారి’ ఏళ్ల తరబడి టీవీలో వచ్చిన పరదేశపు సీరియల్. తెలుగు మాటలు పెట్టి ఆదివారం సాయంత్రాలు వేసేవారు. ఆకాశంలో తిరిగే ఓడ ఒకటే. ఒక కెప్టెన్ రిటైరైతే ఇంకో కెప్టెన్ వస్తాడు. అలా ఐదుగురు నటులు మారారు. ఇప్పుడు పాతవన్నీ ఫోన్లో దొరుకుతున్నాయి కాబట్టి సువార్తరావుకు వారమంతా ఆదివారమే.

“మొదటోడు అరుపులోడు. రెండోడికి ఓడ కంటే జుత్తు మీద ద్యాస. నాలుగోడు ముందు కాల్చీసి తరవాత పేరడుగుతాడు. ఐదోడు కుర్రోడు, పరిగెడితే బాగుంటాడు, ఆగితే ఏటి సెయ్యాలో తెలీదు” అని జీపెక్కినవాళ్లందరికీ చెప్పేవాడు. “మూడో ఆయన అలా కాదు. ఇంజను ఆగిపోతే ఎవుల్నీ తిట్టడు. జొరమొచ్చిన పిల్లోడి నుదురు ముట్టుకున్నట్టు దాని మీద సెయ్యేత్తాడు. శత్రువొచ్చినా ముందు కుర్సీ ఏత్తాడు.”

ఆ మూడో ఆయనకు బట్టతల, కాస్త బొజ్జ.

“అదీ సంగతి. నీ బొజ్జ టీవీలో కనపడీసరికి మురిసిపోతన్నావు” అనేది భార్య రత్నాలు.

ఒకసారి ఘాట్ ఎక్కుతూ జీపు ఆగిపోతే, కెప్టెన్‌ని తలుచుకుని బానెట్ మీద ప్రేమగా అరచెయ్యి ఆనించాడు సువార్తరావు. ఆ వారమంతా ఎడంచేత్తో స్టీరింగు తిప్పాడు. అయినా నమ్మకం సడల్లేదు.

మొన్న వానలు వెనకబట్టాక, కొత్తపల్లి జలపాతం చూసి వస్తున్న ఒక పెద్దమనిషి బస్సు తప్పిపోయి జీపెక్కాడు. ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక అల్లం బస్తాలతో సోమన్న ఉన్నాడు. సంతలకు తిరిగే సోమన్నకు సువార్తరావుని ఆటపట్టించడం రోజువారీ పని. సువార్తరావు అలవాటు ప్రకారం అద్దంలోంచి వెనక్కి చూసి, గొంతు బరువు చేసుకుని, ఓడ కదిలే ముందు మూడో కెప్టెన్ అనే మాట అన్నాడు.

“అందరూ ఎక్కారా? ఎవరినీ వదిలి వెళ్లడం మన ఓడకు అలవాటు లేదు.”

పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. “ఎక్కడిదండీ ఈ డైలాగు?” అన్నాడు నవ్వాపుకుంటూ.

ఇంక చెప్పాలా! మలుపు మీద మలుపు తిరుగుతోంది, కెప్టెన్ మహిమ మాత్రం తరగడం లేదు. “అన్నిటికీ మించి ఆ గొంతు సార్! మిగతా నలుగురివీ గొంతులా? రేకుడబ్బాలు” అని ముగించాడు సువార్తరావు.

పెద్దమనిషి చిన్నగా దగ్గాడు. “నా పేరు గణపతిరావండీ. డబ్బింగ్ చెబుతుంటాను. ఆ గొంతు నాదే.”

జీపు వేగం తగ్గింది.

“రేకుడబ్బాలు నాలుగూ కూడా నావే” అన్నాడాయన వినయంగా. అని ఊరుకోక, ఇందాకటి మాటే అసలు గొంతుతో పలికి వినిపించాడు. జీపు రోడ్డు పక్కకు వెళ్లి ఆగిపోయింది.

“ఏటన్నా, ఇంజను ఆగిపోనాదా? సెయ్యెయ్యి మరి!” అన్నాడు వెనక నుంచి సోమన్న.

సువార్తరావు పెద్దమనిషి వైపు తిరిగాడు. “ఐతే మూడో ఆయనకి సెప్పినప్పుడు మీ ఆరోగ్యం బాగుండుంటాది సార్” అన్నాడు ఆశగా.

“అప్పుడేనండీ, ఎన్ని మందులు మింగినా జలుబు వదల్లేదు.”

ఆ తర్వాత పాడేరు దాకా జీపులో ఎవరూ కెప్టెన్ మాట వినలేదు. సాయంత్రం సువార్తరావు ఇల్లు చేరేసరికి సోమన్న ఫోను ముందే చేరింది.

“ఐదుగురికీ ఒకడే గొంతంట. మరి నీ మూడో ఆయన కాడ మిగిలిందేటి?” అంది రత్నాలు అన్నం వడ్డిస్తూ.

ఆ మాట గుచ్చుకుంది. ఇన్నేళ్లూ తను ఇష్టపడింది ఎవరిని? సగం అన్నం వదిలేసి, ఫోను తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. సౌండు పూర్తిగా తీసేశాడు. మాట లేకుండా మొదటి కెప్టెన్ నోరు సొరంగంలా కనిపించింది. నాలుగోవాడు మరీ తేలిపోయాడు. గుండె చిక్కబట్టుకుని మూడో ఆయన్ని పెట్టాడు.

ఓడకు దారి చూపే ముసలివాడు తలొంచుకుని నిలబడి ఉన్నాడు. కెప్టెన్ కదలకుండా చూస్తున్నాడు.

రత్నాలు భుజం మీంచి తొంగి చూసింది. “ముసిలోడేటి సేసేడు?”

“ఓడని దారి తప్పించీసేడు.”

“మరి తిట్టడేటి?”

“సూడు.”

కెప్టెన్ బల్ల మీద పక్కకు జరిగి ముసలివాడికి చోటిచ్చాడు. రత్నాలు కూడా కూర్చుంది. “ఇప్పుడేటంతన్నాడు?”

సువార్తరావు గొంతు సవరించుకున్నాడు. బరువు పెట్టబోయి మానేశాడు. “కూకో. దారెక్కడికి పోద్ది, రేపెతుకుదాం, అంతన్నాడు.”

రత్నాలు బొజ్జ మాట ఎత్తలేదు.

ఆ రోజు నుంచి మూడో కెప్టెన్ జి.మాడుగుల తెలుగు మాట్లాడడం మొదలెట్టాడు. అరుగు మీద ఇరుగుపొరుగు చేరారు. ఓ సాయంత్రం సోమన్న కూడా వచ్చి, తుపాకీలు పేలే నాలుగోవాణ్ని పెట్టమన్నాడు.

“ఆడికి నాను సెప్పను. ఆడి మాటలు ఆణ్నే సెప్పుకోమను” అన్నాడు సువార్తరావు.

“ఐతే బేగి ఐదోణ్ని పెట్టు, ఆడికి నాను సెప్తాను” అంటూ రత్నాలు ముందుకు జరిగింది. “గుంటడు నవ్వితే బాగుంటాడు.”