వదిన పేరున ఒక పోగు

మొన్న ఆదివారం మా అమ్మాయి సూపర్‌మార్కెట్ నుంచి గడ్డకట్టిన జింక మాంసం పొట్లం ఒకటి పట్టుకొచ్చింది. ఎక్కడో ఫారంలో పెంచిన జింకలట. ముక్కలన్నీ ఒకే కొలతకు కోసి, మంచు పట్టిన ప్లాస్టిక్ కింద సబ్బుబిళ్ళల్లా పేర్చి ఉన్నాయి. మిరియాలు దట్టించి బాగానే వండింది పాపం. తింటూ తింటూ, "అమ్మా, నువ్వు నిజంగా కొండెక్కి వేటకి పోయావా, లేకపోతే నాన్న జోక్ చేస్తున్నారా లా?" అని, ఇక్కడ మలాయ్ దేశంలో అందరూ మాట చివర తగిలించే "లా"తో సహా అడిగింది. బ్రిక్‌ఫీల్డ్స్‌లో మోనోరైలు మెట్లు ఎక్కడానికే మూడుచోట్ల ఆగే తల్లిని చూస్తే దానికి ఆ అనుమానం రావడంలో తప్పులేదు. కానీ నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని చెప్పడం మొదలుపెట్టాను. అన్నం చల్లారిపోయింది, చెయ్యి ఎండిపోయింది, నేను మాత్రం ఆగలేదు.

నేను పుట్టి పెరిగింది పట్నంలో, ఈ బ్రిక్‌ఫీల్డ్స్‌లోనే. మా తాత ఎస్టేటులో గుమాస్తా, మా నాన్నది ఆఫీసు ఉద్యోగం. మా ఇంట్లో మాంసమంటే మార్కెట్లో కొట్టించి తెచ్చిన కోడి, అంతే. పెళ్ళయ్యాక హుటాన్ మెలింటాంగ్‌లో అత్తవారింటికి వెళ్ళాను. ఊళ్ళోకి బస్సు రాకముందే ఎండుచేపల వాసన, బోట్ల డీజిలు వాసన ఎదురొచ్చి పలకరించేవి. ఇల్లు ఊరికి కాస్త లోపల, కొబ్బరితోటలో ఉండేది. అడవిపందులు పడి మొక్కలు పెకలిస్తున్నాయని మా మామగారు ఎప్పుడో తుపాకికి లైసెన్సు తీసుకున్నారట. నేను కాపురానికి వెళ్ళేసరికి ఆయన లేరు. ఆ లైసెన్సు న్యాయంగా మా ఆయన పేరుకు మారాలి. కానీ మా ఆయనకు తుపాకి చప్పుడంటే భయం, జలగంటే అంతకన్నా భయం. (ఇప్పటికీ అంతే. ఈ మాట రాస్తున్నానని తెలిస్తే మూతి ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి.) అందుకని తోటా, తుపాకీ రెండూ ఆయన అక్కకు, అంటే మా వదినకు వచ్చాయి.

వదిన నిలువెత్తు మనిషి. చీర కంటే తోటలోకి వేసుకునే పాత ప్యాంటులోనే ఎక్కువగా కనిపించేది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "నేనెల్లిపోతే తోటకి ఎవుడే కాపలా? మీ ఆయనా?" అని పకపకా నవ్వేది. పందుల మీద ఆవిడ గురి తప్పేది కాదని ఊరంతా చెప్పుకునేవారు. ఆ రోజుల్లో ఏడాదికి కొద్ది రోజులు జింకల వేటకు కూడా లైసెన్సు ఇచ్చేవారు. ఆ రోజులొస్తే చాలు, మా ఇంట్లో పండగే. బీడోర్ దాటి, ఎత్తుకొండల మొదట్లోకి వ్యానులో వెళ్ళేవారు. మలాయ్‌వాళ్ళు కీజాంగ్ అనే చిన్న జాతి జింక అక్కడుంటుంది. కుక్కలా మొరుగుతుంది. మా పెద్దవాళ్ళు మాత్రం సముద్రం దాటి తెచ్చుకున్న మాటతో దాన్ని కొండగొర్రె అనేవారు. జట్టుకి పెద్ద మా చిన్నమావయ్య, అంటే మామగారి తమ్ముడు. ఆయనకూ ఒక తుపాకి ఉండేది. రెండోవాడు మా ఆయనకు బావ, నాకు వరసకు అన్నయ్య. బోట్లు బాగుచేసేవాడు కాబట్టి అందరికీ బోటు అన్నయ్యే. వ్యాను అతనిది, చేపలవాసనతో సహా. ఇంక కరుప్పు అని ఒక నల్లకుక్క. ఆఖరున మా వదిన.

వేట ముగిశాక పంపకం ఒక తంతు. పెరట్లో అరిటాకులు పరిచి బోటు అన్నయ్య మాంసాన్ని పోగులు పెట్టేవాడు. చిన్నమావయ్య పోగులవైపు వీపు పెట్టి పీట మీద కూర్చునేవాడు. ఏ పోగు పెద్దదో, ఏది చిన్నదో చూడకూడదన్నమాట. అన్నయ్య కత్తితో ఒక పోగు చూపించి, "ఇదెవరిదీ?" అని అరిచేవాడు. మావయ్య నోటికొచ్చిన పేరు గట్టిగా పిలిచేవాడు. ఆ పేరుగల మనిషి వచ్చి పోగు ఎత్తుకుపోవాలి. కొండెక్కిన ప్రతి మనిషికీ ఒక పోగు, ప్రతి తుపాకికీ ఒక పోగు, కుక్కకూ ఒక పోగు. వదినకు మాత్రం లేదు. ఆవిడ భుజాన మోసిన తుపాకికి, "మా అన్నయ్య తుపాకీ!" అని చచ్చిపోయిన మామగారి పేరున పిలిచేవారు. ఆవిడ వెళ్ళి అది తెచ్చుకునేది.

కాపురానికొచ్చిన కొత్తలో నేనిది చూసి, తుపాకి తుడుచుకుంటున్న వదిన పక్కన కూర్చుని అడిగేశాను. ఆవిడ గుడ్డ పక్కన పడేసింది. "కరుప్పుకి పేరెట్టి పిలుస్తారే! కుక్కకి! నాకు పిలవరు. మాంసం కోసం ఏడుస్తన్నాననుకుంటన్నావా? ఎవుడిక్కావాలి మాంసం. ఒక్కసారి ఆ పెరట్లో నా పేరు పిలవాలి. అదొక్కటే నాకు కావాలి," అంది. మళ్ళీ గుడ్డ అందుకుని తుపాకి రుద్దడం మొదలుపెట్టింది. మావయ్యని అడిగితే ఆయన జవాబు ఆయనకు సిద్ధంగా ఉండేది: "తుపాకి వాటా మీ ఇంటికే వస్తాది కదేటి? నీ సేత్తో ఒక కొండగొర్రెని పడగొట్టు, ఆ నాడు పిలుస్తాను నీ పేరు." పడగొట్టడానికి ఆవిడని కొండెక్కనిస్తే కదా! ప్రతిసారీ వ్యాను దగ్గరే కాపలా పెట్టేవాడు. "వ్యానెక్కి కూకోడానికి వస్తాదా సిన్నాన్నా కొండగొర్రె?" అని వదిన అరిచేది. ఆయనకు వినపడేది కాదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఏడాది ఆఖరి వేటకు, "నేనూ వస్తాను," అన్నాను. మా అత్తగారు ముక్కు మీద వేలేసుకున్నారు. మా ఆయన మాత్రం, తనను రమ్మనలేదన్న సంతోషంలో నాకు పొగాకు నీళ్ళలో మేజోళ్ళు తడిపి ఇచ్చారు. జలగలకు ఆ ఘాటు పడదు.

కొండ మొదట్లో వ్యాను ఆగేసరికి అప్పుడే తెలవారుతోంది. మావయ్య మామూలుగానే, "నువ్విక్కడ," అని వదినకు వ్యాను చూపించాడు. వదిన కదల్లేదు. "నేను నా మరదలితో పైగట్టుకి పోతన్నాను. మీరు కిందన సూసుకోండి," అంది. మావయ్య నన్ను ఎగాదిగా చూసి పగలబడి నవ్వాడు. "పోండి పోండి! ఈ బ్రిక్‌ఫీల్డ్స్ దొరసానిని జలగలు టిఫిను సేసేస్తాయి. ఎముకలైనా తెచ్చీ లా!" అన్నాడు. ఆ నవ్వే నన్ను సగం కొండ ఎక్కించింది.

మిగతా సగం మాత్రం చచ్చి చెడి ఎక్కాను. అబ్బ, ఏం కొండ అది! ఎర్రమట్టి వెన్నలా జారుతుంది. పట్టుకుందామని చెయ్యేస్తే పేము తీగ, దాని నిండా ముళ్ళు. ఒక ముల్లు వదిలించుకునేలోపు ఇంకోటి జడ పట్టుకుంటుంది. వాగులో నీళ్ళు కాళ్ళు కొంకర్లు పోయేంత చల్లన, ఒడ్డెక్కితే చెమట ధారలు. మేజోళ్ళ పొగాకు వాసన చూసి జలగలు కాళ్ళు వదిలేసి, తెలివిగా ఆకుల మీద నుంచి మెడ మీదికి దిగాయి. అయినా నా ఒంట్లో ఒకటే ఉత్సాహం. ఎక్కడో గిబ్బన్ కోతులు ఎలుగెత్తి పాడుతున్నాయి, వెదురుపొదల్లోంచి వెలుగు పడుతోంది, ముందు నడుస్తున్న వదిన వెనక్కి తిరిగి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. జన్మలో మొదటిసారి ఇల్లూ, వంటా ఏవీ గుర్తురాలేదు.

పైగట్టు మీద ఒక పడిపోయిన మాను చాటున కూర్చున్నాం. వదిన ఒక లేతాకు మడిచి పెదాల మధ్య పెట్టుకుని ఊదింది. ప్రాణం ఉసూరుమనేలా, పసికూన ఏడ్చినట్టు ఒక సన్నటి కూత వచ్చింది. కొండగొర్రె పిల్ల అలాగే ఏడుస్తుందట. కాసేపటికి పొద కదిలింది. ఎర్రగా, తడిగా, చెవులు నిక్కించుకుని ఒక కొండగొర్రె మా ముందుకొచ్చి నిలబడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. కొట్టు, కొట్టు అని మోచేత్తో పొడిచాను. వదిన తుపాకి ఎత్తనే లేదు. కొమ్ముల్లేవు, ఆడది. లైసెన్సు మగదానికే. అది పిల్ల కోసం అటూ ఇటూ వెతుక్కుని వెళ్ళిపోయింది. "దీన్ని కొడితే ఆ పేరు నాకొద్దే," అని గుసగుసగా అంది వదిన. తర్వాత ఎంతసేపు ఊదినా ఏదీ రాలేదు. ఎండ నడినెత్తికి వస్తోంది. వదిన పెదాలు పగిలాయి. ఈ ఏడాదికి ఇంక ఇంతేనా అని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మొరిగింది. భౌ! లోయ దద్దరిల్లింది. ఒకటే మొరుగు, మళ్ళీ నిశ్శబ్దం. వదిన నా మణికట్టు పట్టుకుంది. వెంటనే వదిలి తుపాకి భుజానికి ఎత్తింది. సరిగ్గా అదే సమయానికి నా చెంప మీద ఏదో పాకింది. జలగ! మెల్లగా, కొలుచుకుంటూ పెదవి వైపు వస్తోంది. ఎదురుగా పొదలోంచి చిన్న కొమ్ములు, వాటి కింద నల్లటి గీతలున్న మొహం బయటికొచ్చింది. నేను కదిలితే అయిపోయింది, వదిన పేరు ఇంకో ఏడాది పోయింది. జలగ పెదవి మీదికొచ్చి ఆగింది. కళ్ళు గట్టిగా మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. ఢాం!

కళ్ళు తెరిచేసరికి పొగ, వదిన పరుగు. తూటా తగిలింది, కానీ జంతువు లోయలోకి దూకింది. పైనుంచి చూస్తే అడుగు కనపడటంలేదు. "తగిలినదాన్ని వదిలీకూడదు," అని వదిన కూర్చుని జారుతూ దిగిపోయింది. నేనూ జారాను, చెప్పాలంటే దొర్లాను. ఆకుల మీద నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ, పోగొట్టుకుంటూ, మళ్ళీ దొరికించుకుంటూ వాగు దాకా వెళ్ళాం. వెదురు కింద పడుకున్నట్టు ఉంది. ప్రాణం పోయింది. వదిన మోకాళ్ళ మీద కూలబడి దాని నుదురు నిమిరింది. మరుక్షణం నన్ను వాటేసుకుని, "కొట్టీసినాం! కొట్టీసినామే!" అని గెంతింది. ఇద్దరం బురదలో పిచ్చివాళ్ళలా గెంతాం. నా పెదవి నుంచి నెత్తురు కారుతోందని ఇంటికొచ్చే దాకా నాకు తెలీదు. వెదురుబొంగుకు కట్టి, లోయ నుంచి పైకి, పైనుంచి కిందికి మోసుకొచ్చాం. భుజాలు చిట్లిపోయాయి. వ్యాను దగ్గర బోటు అన్నయ్య నోరెళ్ళబెట్టాడు. మావయ్య మాత్రం దాని కొమ్ములు పట్టుకుని చూసి, ఒక్క మాట కూడా అనకుండా వ్యానెక్కాడు. దారి పొడుగునా అలాగే కూర్చున్నాడు. వదిన మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది.

సాయంత్రం పెరట్లో ఇరుగుపొరుగు అంతా చేరారు. అరిటాకులు పరిచారు, పోగులు పడ్డాయి. మావయ్య వీపు తిప్పి పీట మీద కూర్చున్నాడు. "ఇదెవరిదీ?" "బోటోడిది!" "ఇదెవరిదీ?" "కరుప్పుది!" నవ్వులు. "ఇదెవరిదీ?" "బ్రిక్‌ఫీల్డ్స్ దొరసానిది!" నేను ఉలిక్కిపడ్డాను. వెళ్ళి తెచ్చుకున్నాను గానీ నా చూపంతా వదిన మీదే ఉంది. తర్వాత మావయ్య పేరు, ఆయన తుపాకి. ఒక్క పోగు మిగిలింది. పెరడంతా వదిన వైపు చూసింది. "ఇదెవరిదీ?" మావయ్య పిలిచాడు. "మా అన్నయ్య తుపాకీ!"

వదిన లేచి నిలబడింది. పోగు వైపు వెళ్ళలేదు. చేతులు దులుపుకుని ఇంట్లోకి నడిచింది. నేను మావయ్య మీద అరవడానికి నోరు తెరిచాను.

ఆయన వీపు తిప్పకుండానే, "కానీరా, తర్వాతది!" అన్నాడు.

"తర్వాతది ఏటి మావా, అయిపోయినాయి," అన్నాడు బోటు అన్నయ్య.

"అయిపోవడవేటి! ఆఖరి పోగు దానిదని దాసుకున్నాను కదరా! ఎన్నెట్టినావు?"

బోటు అన్నయ్య తెల్లబోయాడు. ఎప్పుడూ పెట్టే లెక్కకు నాదొక్కటి కలిపాడు గానీ, వదినదని ఒకటి పెట్టాలని అతనికి తట్టనే లేదు. ఇన్నేళ్ళ అలవాటు. మావయ్య తొడ చరుచుకున్నాడు. "ఎదవా! అన్నీ కలిపీ! అందరివీ తెచ్చి పోసీ! మొదట్నించి పెట్టు లా!"

అందరం మా పోగులు తెచ్చి ఒకే కుప్పగా పోశాం. కరుప్పు అప్పటికే సగం తినేసింది, దాన్ని ఎవరూ అడగలేదు. అన్నయ్య మళ్ళీ పోగులు పెట్టాడు, ఈసారి ఒకటి ఎక్కువ. మొదటిదాని మీద కత్తి పెట్టి, "ఇదెవరిదీ?" అన్నాడు. మావయ్య పిలిచాడు. ఇంటిపేరుతో సహా, రోడ్డు మీద పోయే మోటారు సైకిలు ఆగేలా, వదిన పేరు పిలిచాడు. ఇంట్లోంచి రాలేదు. మళ్ళీ పిలిచాడు. ఆ గొంతు బొంగురుపోయింది. మొహం అటువైపు ఉంది కాబట్టి మాలో ఎవరమూ చూడలేదు. మూడోసారి పిలిచేసరికి వదిన గుమ్మంలోకి వచ్చింది, మొహమంతా తడిసిపోయి. "ఇనపడింది సిన్నాన్నా. ఇంకోసారి పిలు," అంది.

ఇప్పుడా వేటకు లైసెన్సులు లేవు, మావయ్య లేడు, తుపాకిని వదినే తీసుకెళ్ళి పోలీసు స్టేషనులో అప్పజెప్పింది. నా మోకాళ్ళు అరిగాయి, జుట్టు నెరిసింది, ఆ సాయంత్రానికి మాత్రం ఇంతవరకూ వయసు రాలేదు.