జత మాటల కృపమ్మ

లింగంపల్లి స్టేషన్ ఎదుటి సందులో, కుట్టుమిషన్ల షాపు పైన, కృపమ్మ ఇంగ్లీషు క్లాసు నడిపేది. గుంటూరు మిషన్ స్కూల్లో టీచరుగా చేసి, భర్త ఉద్యోగం వెంట ఇటు వచ్చింది. ఆమె పాఠమంతా జత మాటలే.

"ముద్దపప్పుకి ఆవకాయలా ప్రతి మాటకీ ఓ తోడుంటుంది. హెవీ రెయిన్ అనాలి. బిగ్ రెయిన్ అన్నారో, నవ్వుతారు. జత విడదీయకండి," అనేది. పిల్లలు వాటిని ఎక్కాల్లా గొంతెత్తి వల్లించేవారు. కింద మిషన్లు బాగుచేసేవాళ్లకు కూడా కొన్ని వచ్చేశాయి.

హైటెక్ సిటీలో గుండ్రటి భవనం లేచిన మరుసటి ఏడు, ఆమె దగ్గర చదివిన స్టీఫెన్ అక్కడొక కంపెనీలో చేరాడు. విదేశీ ఖాతాదారులకు జవాబులు రాసే పనికి మనుషులు కావాలని కబురు పెట్టాడు. కృపమ్మ క్లాసంతటినీ పరీక్షకు పంపింది. అందరికంటే ఆమె ఆశ వీరేశం మీద. వాడి తండ్రి లింగమూర్తిది బాలానగర్ ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పని. షిఫ్టు దిగి, లూనా మీద వచ్చి రోజూ కొడుకుని ఎక్కించుకుపోయేవాడు.

పరీక్ష మర్నాడు స్టీఫెన్ ఆమెను ఆఫీసుకు పిలిపించాడు. కాగితాలు ముందు పెట్టి, గొంతు తగ్గించాడు.

"టీచర్ గారూ, మీ క్లాసులో అందరికీ నాన్నలు పోయారాండీ?"

"అదేం మాట, స్టీఫెన్?"

"మరిచిపోలేని రోజు గురించి రాయమన్నాం. చూడండి."

చూసింది. ఇంగ్లీషులో తప్పు ఒక్కటి లేదు. ప్రతి కాగితంలోనూ తండ్రి దీర్ఘకాలం జబ్బుపడి ప్రశాంతంగా కన్నుమూశాడు. కుటుంబానికి తీరని లోటు మిగిల్చాడు. వీరేశం కాగితంలో లింగమూర్తి కూడా.

అవి కృపమ్మ మాటలే. తన తండ్రి దానియేలు పోయినప్పుడు చర్చిలో చదవడానికి ఇంగ్లీషులో రాసుకున్నవి. జతలు చక్కగా కుదిరాయని క్లాసులో నమూనాగా చెప్పింది.

"పైవాళ్లు కాపీ అంటున్నారండి. నా పూచీ మీద శుక్రవారం మళ్లీ కూర్చోబెడతాను. అప్పుడూ ఇలాగే రాస్తే ఒక్కరికీ ఉద్యోగం రాదు."

ఆటో దిగేసరికి మెట్ల దగ్గర లూనా ఉంది. లింగమూర్తి గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నవ్వాడు.

"మావోడు మస్తు రాసిండట గద మేడమ్! ఏం రాసిండో జర మాకు గూడ చెప్పున్రి."

కృపమ్మ తల ఆడించి మెట్లెక్కింది.

"వీరేశం! కింద నిక్షేపంలా ఉన్న మనిషిని ఎలా చంపావయ్యా?"

"నిజంగ కాదు గద మేడమ్, పరీక్షల. జత ఇడదీయొద్దని మీరే అంటిరి. నాయిన బతికుంటె ఆ మాటలు కుదుర్తలెవ్వు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. కృపమ్మ ఓ తెల్లకాగితం వాడి ముందుకు తోసింది.

"నిన్న పరీక్షకు బయల్దేరేముందు మీ నాన్న ఏం చేశారో రాయి. శుక్రవారం ఏది అడిగినా ఇలా నీదే రాయాలి."

వాడు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. కింద లూనా హారన్ మోగింది. కాగితం అలాగే ఉంది.

"ఏం చేశారయ్యా?"

"నా బూట్లకు పాలిష్ పెట్టిండు మేడమ్."

"మరి అదే రాయి."

వీరేశం ఆమె ముఖంలోకి ఆశగా చూశాడు.

"దానికి జత ఏమొస్తది మేడమ్?"