ఆయ్ అన్న టైప్ చెకర్, అలగబోయిన తాతగారు

కంపైలర్‌తో పెళ్లి భోజనాన్ని ఎలా చెడగొట్టవచ్చో నాకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. చెబుతాను, నవ్వకండి. సరే, నవ్వండి.

అమలాపురం గ్రంథాలయంలో కంపైలర్ల పుస్తకం చదివి, సొంతంగా ఒక ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాష, దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ తయారుచేశాను. గురువు లేడు, గర్వం మాత్రం గంపెడు. అందులో, ఏది దేనితో పొసగుతుందో ముందే తనిఖీ చేసే టైప్ చెకర్ అనే పెద్దమనిషి ఉంటాడు. "ఈ అతిథుల్ని వరుసలో పెట్టవచ్చా?" అని ప్రోగ్రాం అడిగితే ఆయన ఆధారం ఇవ్వాలి. ఆధారమంటే ఒట్టి అవును కాదు, ఎలా పోల్చాలో చెప్పే పద్ధతి. పుస్తకం ఆ మాట నొక్కి మరీ చెప్పింది. నాకేమో పెద్దమనిషిని పట్టుకుని రుజువు అడగడం మన వైపు మర్యాద కాదనిపించింది. ఆయన "ఆయ్" అంటే చాలదూ? ఆధారాన్ని ఆ ఒక్క మాటగానే రాసి కంపైలర్‌లో తరువాతి భాగానికి పంపేశాను.

సరిగ్గా అప్పుడే మా బాబాయి కూతురి పెళ్లి వచ్చింది.

"ఒరేయ్, ఎవరి ఆకు ఎక్కడో నీ ప్రోగ్రాం చెబుతుందా? మగపెళ్లివారు వయసు వరుసలో కూర్చోవాలి. పెళ్లికొడుకు తాతగారిది మొదటి ఆకు. ఆయన అలిగితే సాయంత్రం ముహూర్తం ఉండదు!"

"చిటికెలో చెబుతుంది బాబాయ్. నాదీ పూచీ."

వయసును బట్టి పోల్చమనే రాశాను. టైప్ చెకర్ చూసి "ఆయ్" అన్నాడు. తరువాతి భాగానికి ఆ పద్ధతి అందలేదు పాపం. అతిథుల వివరాల్లో మొదట కనబడ్డ పేరునే పట్టుకుని, అకారాది క్రమంలో అందరి ఫోన్లకూ ఆకు నంబర్లు పంపేసింది.

మొదటి ఆకు ముందు వెలసింది ఎవరనుకున్నారు? అక్షర. ఇంకా పళ్లు రాని పాప. గారెను చూసి ఏడుపు లంకించుకుంది. తాతగారు హరనాథరావుగారేమో కర్ర పొడుచుకుంటూ వంటశాల గుమ్మం పక్కన చిట్టచివరి ఆకు దాకా నడిచారు. బాబాయి ముఖం కొబ్బరికోరులా తెల్లబోయింది.

"టైపులన్నీ సరిపోయాయి బాబాయ్..."

"తాతగారు సరిపోలేదురా!"

ఇంతలో ఆయన గొంతు వినబడింది. "నన్నిక్కడ కూర్చోబెట్టింది ఎవరండీ?"

బాబాయి నన్ను ముందుకు తోశాడు.

"నేనేనండి తాతగారూ."

"ఇన్నేళ్లూ గౌరవమని అందరూ ముందు కూర్చోబెట్టేరు బాబూ. వంటశాల నుంచి గారె నా దాకా వచ్చేసరికి చల్లారిపోయేది. ఇవాళే కదండీ, మూకుట్లోంచి తిన్నగా ఆకులోకొచ్చింది! ఇంకో నాలుగు వేయించండి."

బాబాయి ఊపిరి పీల్చుకునేలోపే మిగతా పెద్దలు లేచారు.

"మరి మమ్మల్ని మూకుడికి దూరంగా ఎందుకు పెట్టేరండీ?"

అలిగారు! తాతగారే నచ్చజెప్పి, అందరికీ వేడి గారెలు పంపించి, ముహూర్తం నిలబెట్టారు.

ఆనాడే మరుగుతున్న నూనె సాక్షిగా ప్రతిజ్ఞ పట్టాను. పద్ధతి చేతికివ్వని టైప్ చెకర్‌ను ఈ జన్మలో నమ్మను. ఇస్తే, అందులో వయసుతో పాటు మూకుడికెంత దూరమో కూడా ఉందా అని చూసి మరీ పుచ్చుకుంటాను.