జోనాథన్ చాపిన చెయ్యి

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరైన జోనాథన్‌కు చదరంగం పిచ్చి. పెళ్లిచూపులకు వచ్చి, తనను చూడకుండా తన తండ్రితో ఆటకు కూర్చున్న ఘనుడని భార్య హెలెన్ ఇప్పటికీ దెప్పుతుంది. అంత పిచ్చి ఉండీ ఏ పోటీలోనూ ఒక్క కప్పు గెలవలేదు. టీవీ పక్క అరలో కప్పు కోసం చోటు వదిలి, ఆ ఖాళీకి కూడా దుమ్ము దులుపుతుంటాడు.

కుప్పం పోటీలో ఆఖరి ఆట పుంగనూరు నల్లప్పతో పడింది. టమోటా రైతు, నెమ్మదస్తుడు. నల్లప్ప గెలిస్తే మూడో స్థానం కప్పు అతనిది. డ్రా అయితే, అర పాయింటు ముందున్న జోనాథన్‌ది.

తొందరపడి గుర్రాన్ని కదిపాక గానీ జోనాథన్‌కు తన తప్పు కనబడలేదు. అవతలి ఏనుగు చివరి వరుసకు వస్తే ఆటకట్టు. నల్లప్ప అది చూడకుండా తన బంట్ల గురించి దిగులుపడుతున్నాడు. జోనాథన్ మర్యాదస్తుడు, ఓడిన ఆటను సాగదీయడు. ఓడినవాడు మాట్లాడకుండా చెయ్యి చాపడం మదనపల్లె క్లబ్బు పద్ధతి. అలాగే చాపాడు.

పుంగనూరు క్లబ్బులో ఓడినవాడు రాజును పడుకోబెడతాడు. చెయ్యి చాపితే డ్రా అడిగినట్టు.

“డ్రా అంటావాప్పా? అంతకంటే ఏం కావల్ల,” అంటూ నల్లప్ప ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

కాదు, ఓడిపోయానని చెప్పడానికి ఒక్క మాట చాలు. జోనాథన్ నోరు తెరిచాడు కూడా. అంతలో పోటీ నడిపే ఆమె వచ్చి “డ్రానా?” అని అడిగింది. తెరిచిన నోటితోనే అవునన్నాడు.

సండే స్కూల్లో పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పే మనిషి. కప్పు అందుకుంటూ తలెత్తలేకపోయాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నల్లప్పే.

ఇప్పుడైనా చెప్పేద్దామని కప్పును సంచిలో దాచుకుని, నల్లప్ప వెంటే బస్టాండుకు నడిచాడు. టీ కొట్టు దగ్గర నల్లప్పే మొదలుపెట్టాడు.

“నా ఆట పొయినట్టే అనుకుంటాంటి. గెలిసే ఆట ఇడిసి సెయ్యి సాపితివి. అట్లాంటి మనసు యాడుంటాదప్పా?”

“అది కాదు నల్లప్పా...”

“నువ్వు సెప్పుకోవని తెలుసులే. శనివారం మా క్లబ్బుకు రాప్పా. ఆడ పిల్లోల్లుండారు. గెలుపొకటే కాదని వాళ్లకు నువ్వే సెప్పల్ల.”

పుంగనూరు బస్సు వచ్చింది. మెట్టు మీద నిలబడి నల్లప్ప మళ్లీ అడిగాడు, తప్పకుండా వస్తావు కదా అని.

“వస్తాలేప్పా,” అన్నాడు జోనాథన్. అంటుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.