ఆదివారం గళ్ళలో రెండక్షరాలు

ఆదివారం పేపరు రాగానే నాన్న గళ్ళనుడికట్టు పేజీ మడిచి వరండాలో కూర్చుంటారు. ఆధారాలు ఆయన చదువుతారు. ఫోన్ చూడకూడదు. పదం ఎవరికి తడితే పెన్ను వాళ్ళది. గళ్ళలో వాళ్ళే రాయాలి. ఇంటర్ రోజుల నుంచీ ఆ పెన్ను నాదే. నలుగురిలో నోరు విప్పలేని నేను అక్కడ మాత్రం మాట్లాడేదాన్ని. సాలెపురుగు ఊర్ణనాభమనీ, అన్నం ఓగిరమనీ తెలిసింది అక్కడే.

అన్నయ్య పెళ్ళయ్యాక వదిన వచ్చింది. నందిగామలో టీచరు. ఒక ఆదివారం నాన్న, "రోలు. నాలుగక్షరాలు," అన్నారు. నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

"ఉలూఖలం, మామయ్యగారూ!" అంది వదిన, కాఫీ ట్రే పట్టుకునే.

"అబ్బో! ఎక్కడ పట్టావమ్మా దీన్ని?"

"మా నానమ్మ నేర్పిందండీ. రోట్లో పిండి రుబ్బుతా మా నోళ్ళు కూడా రుబ్బేది."

నాన్న పడీపడీ నవ్వి పెన్ను ఆమెకిచ్చారు.

అప్పటినుంచి ఆయన "అమ్మాయ్" అని పిలిస్తే నేను లేచేదాన్ని. వదిన వస్తుంటే మళ్ళీ కూర్చునేదాన్ని. నా ఆఫీసూ నందిగామలోనే. జగ్గయ్యపేటలో బస్సెక్కి ఆమె కబుర్లు మొదలుపెడితే, చిల్లకల్లు దాటినా నేను కిటికీలోంచి సిమెంటు లారీలే చూసేదాన్ని. ఆమె అంత మంచిది కాకపోయుంటే బాగుండేది. మధ్యాహ్నాలు అన్నం తింటూ నిఘంటువు తిరగేసేదాన్ని. బట్టీపట్టిన పదం ఒక్కటీ గళ్ళలోకి రాలేదు, మొన్నటిదాకా.

మొన్న ఒక మూల మిగిలింది. "అసూయ. రెండక్షరాలు. మొదటిది ఈ."

వదిన చకచకా 'ఈర్ష్య' అని రాసేసింది.

"కింద నిలువు పదం ర్ష్యతో ఏం మొదలవుతుందమ్మా?" అన్నారు నాన్న.

ఆమె నాలుక కరుచుకుని కొట్టేసింది. నాకు తెలుసు. ఈసు. కానీ ఆ మాట నా నోటినుంచి వస్తే, నా మొహం చూసి ఇద్దరూ అంతా కనిపెట్టేస్తారనిపించింది.

"నీకూ తట్టలేదా?" అన్నారు నాన్న. తల అడ్డంగా ఊపాను.

"తనకి తెలుసండీ. ఆ పెదవి కొరుక్కోవడం చూడండి," అంటూ వదిన పెన్ను నా ఒళ్ళో పడేసింది. "రాయండి ఆడపడుచుగారూ, బతిమాలించుకోకుండా!"

రాశాను. "ఈసు! భలే!" అన్నారు నాన్న, నా వీపు తట్టి. ఇన్నాళ్ళకు పెన్ను మళ్ళీ నా చేతికొచ్చింది. ఇచ్చింది మాత్రం నాన్న కాదు, వదిన. దానికీ కుళ్ళుగానే ఉంది నాకు.