సువర్ణ నడిచి చూసుకున్న వాటా

వట్లూరులో ఆ గృహప్రవేశం రోజున తాపీమేస్త్రికి బట్టలు పెట్టారు, వడ్రంగికి పెట్టారు, కరెంటు పనిచేసినాయనకు పెట్టారు. ఇంటి లోపలి పనంతా గీసి, దగ్గరుండి చేయించిన సువర్ణకూ చీర పెట్టారు. కాకపోతే వరండాలో పెట్టారు. ఇంటాయన తల్లిగారు ఎంతో మర్యాదగా దగ్గరికొచ్చి, "ఏమనుకోకమ్మా, పూజయ్యేదాకా ఇక్కడే కూర్చో. దేవుడి గదివైపు మాత్రం ఇవాళ రాకు" అన్నారు. ఆ గది తలుపులకు గంటలు ఎంతెంత ఎడంగా ఉండాలో, దీపం మసి గోడకు పట్టకుండా రాతిపలక ఎక్కడ అతకాలో తేల్చింది సువర్ణే. నాలుగు నెలలు ఆ గదిలో మోకాళ్ళ మీద కూర్చుని కొలతలు తీసింది. అన్నాళ్ళూ లేని అభ్యంతరం ఆ పొద్దున వచ్చింది.

"ఫర్వాలేదండీ" అంది సువర్ణ. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని లోపలి మంత్రాలు వింది. భోజనమయ్యాక చీర సంచిలో పెట్టుకుని బస్సెక్కి ఏలూరు వచ్చేసింది. ఈ సంగతి ఆమె ఎవరికీ ఫిర్యాదుగా చెప్పలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది, అదీ ఇంటివాళ్ళ పేరు లేకుండా.

సువర్ణకు ముప్పై నాలుగేళ్ళు. ఇంటీరియర్ డిజైనర్. సొంతూరు కొల్లేటిలో ఒక లంక. తండ్రి యాకోబు చేపల చెరువుల మీద కూలికి వెళ్ళేవాడు. ఇప్పుడు తల్లీ లేదు, తండ్రీ లేడు, తోబుట్టువులు మొదటినుంచీ లేరు. వాళ్ళది ఊరిబయట పేటలో ఒంటిగది ఇల్లు. తమ్మిలేరు పొంగిందంటే కొల్లేరు ఎగదన్ని ఇంట్లోకి వచ్చేది. అందుకని తల్లి నేలమీద ఏదీ ఉంచేది కాదు. బియ్యం డబ్బా అటక మీద, కూరకుండ ఉట్టిలో, బట్టలు దండెం మీద, పిల్ల పుస్తకాలు గోనెసంచిలో కొక్కేనికి. పది నిమిషాల్లో ఇల్లంతా మోకాలి పైకి లేవాలన్నది ఆమె లెక్క. నేల తడిసినప్పుడు పిల్ల కూర్చుని చదువుకోవడానికని కిటికీ దగ్గర మట్టిగోడను జానెడు వెడల్పు చేసి మెత్తింది కూడా.

విజయవాడలో చేసిన డిప్లొమా తర్వాతి మాట. సువర్ణ నిజంగా చదువుకున్నది ఆ ఇంట్లోనే. ఆమె చేసే ఇళ్ళలో అరలు నేలను తాకవు. ప్రతి ఇంట్లోనూ ఒక కిటికీకైనా మనిషి కూర్చునేంత గట్టు ఉంటుంది. ఎండకు తుంగచాప తెర కడుతుంది. గోడకు వేసే ఒక బూడిద రంగుంది, చెరువు ఎండగట్టినప్పుడు అడుగున పగుళ్ళిచ్చిన ఒండ్రు రంగు. డబ్బాలు డబ్బాలుగా కలిపించి, తన నోటుపుస్తకంలో అతికించుకున్న ఎండు ఒండ్రు పెళ్ళతో సరిచూసుకుంటుంది. అదే పుస్తకంలో గూడబాతు ఈక ఉంది, నీళ్ళలో నాని నల్లబడ్డ తాటిచెక్క ముక్క ఉంది.

ఏలూరులో తాతాజీ గారని ఒక చెరువుల ఆసామి ఇల్లు అలాగే చేసింది. ఆయన వచ్చినవాళ్ళందరికీ చూపిస్తూ, ఇది జపాన్ పద్ధతనీ, మా డిజైనర్ అక్కడి పుస్తకాలు తెప్పించుకుని చదివిందనీ చెప్పుకుంటారు. పక్కనే నిలబడి సువర్ణ నవ్వుతుంది. నిజం చెప్పొచ్చు కదా అని నేనంటే, "మా అమ్మ ఇల్లని చెబితే పీకించేస్తారేమోనండీ" అంది. నవ్వుతూనే అంది.

ఇంతమందికి ఇళ్ళు అమర్చిన మనిషి తొమ్మిదేళ్ళుగా ఏలూరులో ఆడవాళ్ళ హాస్టల్లో ఉంటోంది. గదికి మూడు మంచాలు. ఆమె మంచం కింద సన్మైకా ముక్కల పెట్టె, మంచం మీద లాప్‌టాప్, గోడకు ఒక మేకు. తొమ్మిదేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా వంట చేసుకోలేదు. గదిలో తోటి ఆడపిల్లలు మారుతూ ఉంటారు. ఉద్యోగం వచ్చో పెళ్ళయ్యో వెళ్ళిపోతారు, నెల తిరక్కుండా ఫోన్లు ఆగిపోతాయి. ఆదివారం ప్రార్థనయ్యాక మిగతా రోజంతా ఎలా గడపాలో ఆమెకు తెలియదు. ఒక్కోసారి తను చేసిన ఏదో ఇంటి వీధిలోంచి నడిచి, ఆ కిటికీలో ఎవరైనా కూర్చున్నారేమో చూసి వస్తుంది.

పోయిన ఏడాది ఆ హాస్టల్ పడగొట్టి దుకాణాలు కడతామన్నారు. మూడు నెలల గడువిచ్చారు. సువర్ణ అద్దె ఇంటికోసం తిరగడం మొదలెట్టింది. అడ్వాన్సుకు లోటు లేదు, అద్దె బేరమాడింది లేదు. ఎవరూ మొహం మీద లేదనలేదు. గోదావరి జిల్లాల్లో అలా అనరు. మంచినీళ్ళిచ్చి, ఒక్కరే ఉంటారా అండీ అని అడిగి, ఇంటిపేరు అడిగి, ఆదివారాలు ఎక్కడికెళ్తారో అడిగి, అప్పుడు గుర్తు తెచ్చుకుంటారు, తమ్ముడిగారబ్బాయి ట్రాన్స్‌ఫర్ మీద వస్తున్నాడని. ఏలూరులో ఉన్న తమ్ముళ్ళ కొడుకులందరికీ ఒకే నెలలో ట్రాన్స్‌ఫర్లు అయ్యాయనుకోవాలి.

గదిలో ఉండే భాగ్యశ్రీ అనే పిల్ల ఒక ఉపాయం చెప్పింది. "ఓ బొట్టుబిళ్ళ అతికించుకుని వెళ్ళక్కా. సువర్ణంటే ఎవరైనా కావచ్చు. అడ్వాన్స్ ఇచ్చేశాక పీకి పారేద్దువుగాని." సువర్ణ ఆ బిళ్ళల అట్ట తీసుకుంది, పెట్టుకోలేదు.

సరిగ్గా అప్పుడే తాడేపల్లిగూడెంలో శేషారత్నం గారి పని వచ్చింది. భర్త పోయిన ఆవిడ, పెంటపాడు దగ్గర కొద్దిగా పొలం, ఊళ్ళో మేడ. మేడమీద ఖాళీగా ఉన్న రెండు గదుల్ని అద్దెకిచ్చే వాటాగా మార్చాలనుకున్నారు. ఎవరైనా ఉద్యోగస్తురాలు ఒక్కత్తే ఉండేది వస్తే తనకూ తోడుగా ఉంటుందని ఆవిడ ఆశ. మొదటిరోజే తనను పిన్నిగారూ అని పిలవమన్నారు. రోజూ తన కంచంలాంటి కంచంలోనే అన్నం పెట్టారు. "మా ఆయనుండగా గోడకి ఒక్క మేకు కొట్టనిచ్చేవారు కాదమ్మా. నువ్వొచ్చి ఇల్లంతా గోడలకే వేలాడదీస్తున్నావు" అని వేళాకోళం చేసేవారు. సువర్ణ ఏలూరు నుంచి రోజూ రైలు మీద వచ్చి వెళ్ళేది.

సువర్ణకు పనిలో ఒక అలవాటుంది. పునాదులకు ముగ్గు పోసినట్టే, గదిలో రాబోయే సామాన్లన్నిటికీ అసలు కొలతల్లో నేలమీద ముగ్గుపిండితో గీతలు గీస్తుంది. మంచం ఇక్కడ, పొయ్యి ఇక్కడ, తలుపు ఇటు తెరుచుకుంటుంది అని చూపించి, ఆ ఇంట్లో ఉండబోయే మనిషిని అందులో నడవమంటుంది. పొద్దున లేచినట్టు లేవాలి, టీ పెట్టినట్టు పెట్టాలి. ఎక్కడ గీత తొక్కితే అక్కడ కొలత తప్పిందన్నమాట. ఈ వాటాకి మనిషింకా రాలేదు, ఎవరు నడుస్తారని అడిగింది. "నువ్వే నడువమ్మా. వచ్చేదీ నీలాంటి మనిషేగా" అన్నారు శేషారత్నం గారు.

సువర్ణ నడిచింది. లేని మంచం మీంచి లేచి, లేని పొయ్యి దగ్గరికి నాలుగడుగులు వేసింది. లేని గిన్నె దించింది. కిటికీ గీత దగ్గర కాసేపు కూర్చుంది. అలా మూడు రోజులు నడిచి గీతలు మార్చుకుంది. వడ్రంగి అబ్బాయిరాజు కొలతలు రాసుకుంటూ ఆగాడు.

"ఏవండీ మేడంగారూ, వంటగట్టు మరీ కిందకొచ్చేసిందండీ. అద్దెకొచ్చేవాళ్ళు పొడుగైతే నడుం పడిపోదాండీ?"

"పొట్టివాళ్ళే వస్తార్లెండి అబ్బాయిరాజు గారూ."

అతను ఆమెవంక చూసి పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. "అలాగైతే చెయ్యెత్తి చూపించండి. అందేకాడికే కొడతాను అరలు" అన్నాడు.

పనంతా అయ్యాక, రంగు ఆరిన మధ్యాహ్నం, సువర్ణ అడిగేసింది. "పిన్నిగారూ, ఈ వాటా నాకివ్వండి. మీరనుకున్న అద్దే ఇస్తాను."

శేషారత్నం గారి మొహం ముందు వెలిగింది. దానికేం భాగ్యం, ఇంతకన్నా తోడెవరు దొరుకుతారు అన్నారు. తాళంచెవి కోసం కొంగుముడి సగం విప్పారు కూడా. ఆ ముడి దగ్గర చెయ్యి ఆగింది.

"ఇంతకీ మీరేవిట్లమ్మా?"

రెండు నెలలు అన్నం పెట్టిన మనిషి కులం మాట అడగలేదంటే పట్టింపు లేదేమోననుకుంది సువర్ణ. అదే ఆమె పొరపాటు. ఆ ఇంట్లో ఆమె ఉంటుందన్న ఊహే ఆవిడకు అప్పటిదాకా రాలేదు. పనికొచ్చే మనిషినైతే అడగక్కర్లేదు, ఉండటానికొచ్చే మనిషినే అడగాలి. బొట్టుబిళ్ళల అట్ట సువర్ణ సంచిలోనే ఉంది.

"మేం క్రిస్టియన్సండీ. కొల్లేట్లో మా ఊరి పేట మాది. మా నాన్న పేరు యాకోబు."

"అలాగా తల్లీ" అన్నారు ఆవిడ. కొంగు మళ్ళీ ముడేసుకున్నారు. "నాకేం పట్టింపు లేదమ్మా, నీకు తెలుసుగా. మా ఆడపడుచు వస్తూ పోతూ ఉంటుంది. చుట్టుపక్కల నలుగురూ ఉన్నారు. నన్నంటారు."

"ఫర్వాలేదండీ పిన్నిగారూ" అంది సువర్ణ. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. దొడ్లో కాసిన గెల నుంచి అరటిపళ్ళు ఒక అత్తం కోసి సంచిలో పెట్టారు. రైల్లో ఆ పళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఏలూరు దాకా కూర్చుంది.

వారం తర్వాత శేషారత్నం గారే ఫోన్ చేశారు. గేటుకు టు-లెట్ బోర్డు కావాలి, నీ చేత్తో అందంగా రాసిపెట్టమ్మా అన్నారు. సువర్ణ వెళ్ళింది. చెక్కకు అదే బూడిద రంగు వేసి, తెల్ల అక్షరాలతో రెండు లైన్లు రాసింది. కింద ఇంకో లైను పెట్టమన్నారు ఆవిడ. శాకాహారులకు మాత్రమే అని.

"మీరు తింటారు కదా పిన్నిగారూ." ఆ ఇంట్లో కొరమేను పులుసు లేనిదే ముద్ద దిగదని రెండు నెలలు ఆ పులుసు తిన్న సువర్ణకు తెలుసు.

"తింటామనుకో. అలా రాసేస్తే ఇంక అడిగే పని ఉండదమ్మా. ఇద్దరికీ మొహమాటం తప్పుతుంది."

సువర్ణ బ్రష్ కడగలేదు. ఆవిడ చేతికిచ్చింది. "ఆ ఒక్క లైనూ మీరు రాసుకోండి" అని మెట్లు దిగి వచ్చేసింది. నాకు తెలిసినంతలో ఆమె జీవితంలో ఫర్వాలేదనకుండా వచ్చింది ఆ ఒక్కసారే.

ఇప్పుడామె వట్లూరులో ఇంకో హాస్టల్లో ఉంటోంది. ఈసారి గదికి నాలుగు మంచాలు. తాడేపల్లిగూడెంలో ఆ వాటా ఎనిమిది నెలలుగా ఖాళీగానే ఉంది. వచ్చి చూసినవాళ్ళందరూ ఇల్లు బాగుందంటారు, వంటగట్టు మరీ పొట్టిగా ఉందని వెళ్ళిపోతారు. శేషారత్నం గారు కింద ఒక్కరే ఉంటున్నారు.

చదువుతున్న మీలో చాలామందికి మేడమీద ఒక వాటా ఉండి ఉంటుంది. ఒకసారి లేచి గేటు దాకా వెళ్ళి మీ బోర్డు చూడండి. శాకాహారులకు మాత్రమే అని ఉండి, మీ ఇంట్లో చేప ఉడుకుతుంటే, ఆ లైను ఎవరికోసం రాశారో మీకు తెలుసు. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తే అద్దె కట్టగలరా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అని అడగండి, అక్కడితో ఆపండి. మీ పక్కింటివాళ్ళు మీరేవిట్లని ఎవర్నైనా అడుగుతుంటే, ఊరుకోకండి. అద్దెకిచ్చే ఇంటికి ఆ ప్రశ్న అక్కర్లేదని అక్కడే, వాళ్ళముందే చెప్పండి. మీకు భయం ఆడపడుచుదో నలుగురిదో అయితే, ఆ నలుగురిలో ఒకరు మీరే. ముందు మీరు మానేయండి.